వడ్డించేవాళ్ల బంతి

డిసెంబరంతా సెమీ క్రిస్మస్‌లు, 31 రాత్రి కూడిక, జనవరి ఒకటిన కొత్త సంవత్సరం ఆరాధన, ఆ వెనకే ఉజ్జీవ సభలు. ఇవన్నీ అయ్యాక నాకు వచ్చే ఉత్తరాల్లో ప్రతి ఏడూ ఒక అలసట కనిపిస్తుంది. ఈసారి ఆ అలసట వెనక బల్ల దగ్గర కూర్చునేవాళ్ల నుంచి వచ్చింది, అంటే మైకులు, మిక్సర్, స్క్రీన్, లైవ్ చూసుకునేవాళ్ల నుంచీ వాళ్ల ఇంట్లోవాళ్ల నుంచీ. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈ నెల పేజీ మొత్తం వాళ్లకే ఇస్తున్నాను. పాలకొల్లు దగ్గర మా సంఘంలో నేనూ ఆ బల్ల దగ్గర పద్దెనిమిదేళ్లు కూర్చున్నాను కాబట్టి ఈ ఉత్తరాలు చదువుతుంటే పరాయివాళ్ల సంగతిలా అనిపించలేదు.

ప్రశ్న: అన్నయ్య గారికి వందనాలండి. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లె. రొయ్యల చెరువుల మీద పని చేస్తాను. ఆదివారం పొద్దున్నే పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నర్సాపురంలో మా చర్చికి వెళ్తాను. ఎనిమిదేళ్లుగా సౌండ్ నాదే. 2020 లాక్‌డౌన్‌లో లైవ్ మొదలుపెట్టారు, అప్పటి నుంచి అదీ నాదే. ఏడున్నరకి వెళ్తే కేబుళ్లు చుట్టి బయటపడేసరికి రెండవుతుంది. అందరూ చేతులెత్తి పాడుతుంటే నేను ఎకో ఎక్కువైందా, కీబోర్డు తగ్గిందా అని చూస్తుంటాను. అయ్యగారు వాక్యం చెబుతుంటే ఫోన్లో "సౌండ్ రావట్లేదు బ్రదర్" అని మెసేజులు వస్తుంటాయి. మొన్న ఇంటికి వెళ్లాక మా అమ్మ అన్నం పెడుతూ "ఈవేళ వాక్యం ఏం చెప్పారురా" అని అడిగింది. ఒక్క మాట గుర్తు రాలేదండి. ఇంటి దగ్గర బైబిలు తీద్దామంటే వీడియోలు ఎడిట్ చెయ్యాలి, రాత్రయితే చెరువు కాపలా. ఆదివారం అందరికీ ఆరాధన, నాకు డ్యూటీ అయిపోయింది. నేను చేసేది కూడా ఆరాధనే కదా అని సర్దిచెప్పుకుంటున్నాను. మానేద్దామంటే దేవుని పని వదిలేసినట్టు అవుతుందేమో అని భయం. ఏం చెయ్యమంటారు? (పేరు వెయ్యొద్దండి)

జవాబు: తమ్ముడూ, మీ అమ్మ అడిగిన ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకో చెబుతాను.

మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన ఉంటుంది. ఒక ఏడాది అలాంటి ఆదివారమే అయ్యగారి కాలర్ మైకు గరగరలాడడం మొదలుపెట్టింది. సంఘ పెద్ద పళ్లెం పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు, నేను రొట్టె ముక్క తీసుకున్నాను, సరిగ్గా అప్పుడే మైకుకు మళ్లీ గరగర పట్టుకుంది. ముక్కను మిక్సర్ అంచు మీద మాస్టర్ ఫేడర్ (మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) పక్కన పెట్టి కొత్త బ్యాటరీ తీసుకుని పరిగెత్తాను. బ్యాటరీ మారింది, మైకు బాగుపడింది, ఆరాధన ముగిసింది, జనం వెళ్లిపోయారు. పన్నెండున్నర దాటాక కేబుళ్లు చుడుతుంటే ఆ ముక్క కనిపించింది. ఫ్యాన్ గాలికి ఎండి అంచులు పైకి లేచాయి, మీద సన్నగా దుమ్ము పట్టింది. ద్రాక్షరసం తాగానో లేదో అసలు గుర్తే లేదు. చేతిలో కేబుల్ అలాగే ఉండగా కింద కూర్చుండిపోయాను. ఆ ఉదయం రెండు వందల మందికి "ఇది మీ కొరకైన నా శరీరము" అన్న మాట స్పష్టంగా వినిపించేలా చేసింది నేనే, ఆ మాట వినకుండా ఉన్నదీ నేనే.

కాబట్టి నీకు పనుల్లో మునిగిపోయిన మార్త, ప్రభువు పాదాల దగ్గర కూర్చుని విన్న మరియల సంగతి చెప్పి పంపించను. ఆ ప్రసంగం నువ్వు చాలాసార్లు విని ఉంటావు. నువ్వు అడిగినదానికే జవాబు చెబుతాను.

నువ్వు చేసేది దేవుడు మెచ్చే పనేనా అంటే నిస్సందేహంగా అవును. నిర్గమకాండము 31వ అధ్యాయంలో, తన ఆరాధన గుడారం కట్టాల్సిన బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపాడు. దేనికోసం? బంగారం, వెండి, ఇత్తడి పని చెయ్యడానికి, రత్నాలు చెక్కడానికి, కర్రలు కోయడానికి. చేతి పనికి దేవుడు ఇచ్చిన గౌరవం అది. నీ చేతికి ఫేడర్ల మీద ఉన్న పట్టు కూడా అలాంటి వరమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ అధ్యాయం అక్కడితో ఆపకుండా చివరిదాకా చదువు. గుడారం పని పురమాయించడం అవుతూనే దేవుడు చెప్పిన మాట విశ్రాంతి దినం గురించి. మళ్లీ 35వ అధ్యాయంలో మోషే జనాన్ని పోగుచేసి పని మొదలుపెట్టించబోతూ మొట్టమొదట చెప్పిందీ అదే, ఆ తర్వాతే కానుకల మాట, పనివాళ్ల మాట. అంటే దేవుని గుడారం కట్టే పని కూడా దేవునితో గడిపే రోజును మింగెయ్యడానికి వీల్లేదు. నేను పద్దెనిమిదేళ్లలో పన్నెండేళ్లు ఈ వరుసను గమనించలేదు.

మరి ఆదివారం పని చెయ్యడం తప్పా అంటే అదీ కాదు. మత్తయి 12లో యేసు ప్రభువే అన్నాడు, దేవాలయంలో యాజకులు విశ్రాంతి దినాన పని చేస్తూనే నిర్దోషులుగా ఉన్నారని. ఎవరో ఒకరు చెయ్యాలి. ఆ ఎవరో ఒకరికి తన సొంత విశ్రాంతి ఇంకో వేళ దొరకాలి, అంతే.

మన వైపు పెళ్లి భోజనాలు చూడు. వడ్డించేవాళ్లు బంతి తర్వాత బంతి పెడుతూనే ఉంటారు, పప్పు తెమ్మంటే పప్పు, నెయ్యి అంటే నెయ్యి. అందరూ లేచాక వాళ్లు ఆఖరి బంతిలో కూర్చుంటారు, ఇంటివాళ్లు దగ్గరుండి కొసరి కొసరి వడ్డిస్తారు. రోజంతా వంటల మధ్యే తిరిగాను కదా, కడుపు నిండినట్టే అని ఎవరూ లేచిపోరు. నువ్వు ఎనిమిదేళ్లుగా వడ్డిస్తున్నావు తమ్ముడూ, నీ బంతి ఇంకా వెయ్యలేదు. నేను చేసేదీ ఆరాధనే కదా అని నువ్వు చెప్పుకునే సర్దుబాటు ఆ వంటల వాసన లాంటిది. వాసన నిజమే, అయినా ఆకలి తీరదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నీకు వర్తించకపోతే పక్కన పెట్టెయ్. నా విషయంలో కొన్నేళ్లు ఆ బల్ల నాకు దాక్కునే చోటయింది. ఇంట్లో ఒక గొడవ నడుస్తున్న రోజులు, మనసులో ఒకరి మీద కోపం ఉంది. కింద అందరితోపాటు కూర్చుంటే ఆ వాక్యం నన్ను పట్టుకుంటుందని తెలుసు. బల్ల దగ్గర ఉంటే ఎప్పుడూ ఏదో ఒక నాబ్ తిప్పవచ్చు, ఎవరూ ఏమీ అనరు, పైగా "పాపం ఎంత కష్టపడుతున్నాడో" అంటారు. నాకు తీరిక లేదనుకున్నాను, చూసుకుంటే తీరిక అంటేనే భయం వేసింది. నీకు నిజంగా టైమ్ దొరకడం లేదా, దొరికినా ఏదో ఒకటి పెట్టుకుంటున్నావా, ఒక్కసారి ప్రభువు ముందు నిజాయితీగా చూసుకో.

ఇక ఎప్పుడు, ఎలా అన్న సంగతి. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుందని, అందుకే ఆ వేళ ఏరేటర్లు ఆగకూడదని నాకంటే నీకే బాగా తెలుసు. అంటే ఆ గంటకు నీకు ఎలాగూ మెలకువే. కొత్తగా టైమ్ ఎక్కడి నుంచో తేనవసరం లేదు. చెరువు చూసుకున్నాక ఒక ఇరవై నిమిషాలు గట్టు మీద కూర్చో. ఫోన్లో బైబిలు వద్దు, కాగితం బైబిలు, ఒక టార్చి చాలు, ఎందుకంటే ఫోన్ తీస్తే మొదట కనిపించేది గ్రూపులో ఎవరో అడిగిన క్లిప్పే. ఒక కీర్తన తీసి పైకి చదువు. ఏరేటర్ల హోరులో నువ్వు ఎంత గట్టిగా చదివినా, ఎంత గట్టిగా ఏడ్చినా ఎవరికీ వినపడదు. మైకు లేదు, లెవెల్ చూడక్కర్లేదు. నీ గొంతు నీకే వినపడకపోయినా వినేవాడు వింటాడు.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో చూడు. ముందురోజు సాయంత్రం పొద్దు గుంకాక కపెర్నహూము పట్టణమంతా తలుపు దగ్గర చేరింది, ప్రభువు చాలామందిని స్వస్థపరిచాడు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచి ఒక్కడే నిర్జన ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేసుకుంటున్నాడు. సీమోనూ అతనితో ఉన్నవాళ్లూ వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీ కోసం వెదుకుతున్నారు అన్నారు. మనకు ఆదివారం ఉదయం వచ్చే ఫోన్ లాంటిదే అది. ఆయన వెంటనే ఆ తలుపు దగ్గరకు పరిగెత్తలేదు, పక్క ఊళ్లకు వెళ్దాం రండి అన్నాడు. ఎవరు వెదుకుతున్నారన్న దాన్ని బట్టి కాకుండా ప్రార్థనలో తెలిసినదాన్ని బట్టి ఆ రోజు నడిచింది.

ఆదివారం సంగతికి వస్తే, శనివారం సాయంత్రమే అయ్యగారికి ఫోన్ చేసి రేపటి వాక్యభాగం అడుగు. నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఇదొక్కటే. రాత్రి ఒకసారి చదువు, పొద్దున్న పంటు మీద ఇంకోసారి. ఆ తర్వాత ప్రసంగం మధ్యలో పదిసార్లు నీ దృష్టి చెదిరినా వాక్యం అప్పటికే నీ లోపల ఉంటుంది, అయ్యగారు అన్న ఒక్కో ముక్క వెళ్లి దానికి అతుక్కుంటుంది. కార్డ్‌లెస్ మైకులకు కొత్త బ్యాటరీలు ఆరాధనకు ముందే వేసెయ్, ఇంకా ఉంది కదా అని లాగొద్దు, ఆ పొదుపు నాకు ఎంత ఖర్చయిందో పైన చెప్పాను. సౌండ్ చెక్ ఆరాధనకు అరగంట ముందే ఆపెయ్యాలని పాడేవాళ్లకు చెప్పు, ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆ వారం ఎలా వినపడితే అలా. ఆ అరగంటలో పదిహేను నిమిషాలు బల్ల వదిలి ముందు వరసలో కూర్చో. లైవ్ మెసేజులు చూసే ఫోన్ నీ దగ్గర ఉండనే కూడదు, ఇంకొకరికి ఇచ్చెయ్. నిజంగా సౌండ్ పోతే వాళ్లు వచ్చి భుజం తడతారు. మెసేజ్ పెట్టేవాళ్ల మీద నాకు చులకన లేదు. మన కోనసీమ నుంచీ నర్సాపురం వైపు నుంచీ కువైట్‌లో ఇళ్లల్లో పని చేస్తున్న తల్లులు ఎంతమంది! ఇక్కడ తొమ్మిదిన్నర అయితే అక్కడ ఏడు, ఆదివారం వాళ్లకు పనిరోజు, గిన్నెలు తోముతూ చెవిలో పెట్టుకుని వింటారు. వాళ్ల కోసం సౌండ్ బాగుండాలి. ఒక ఐదు నిమిషాలు పోయినా వీడియో ఉంటుంది, రాత్రి మళ్లీ వింటారు. ఆ ఐదు నిమిషాల భయంతో నీ రెండు గంటలూ పోగొట్టుకోవద్దు.

నెలలో ఒక ఆదివారం పూర్తిగా నీదని పెద్దలకు చెప్పు. అడుక్కోవద్దు, దాక్కోవద్దు, ఎదురుగా కూర్చుని చెప్పు. ఆ రోజు మూడో వరసలో కూర్చో, వెనక్కి తిరగొద్దు. స్పీకర్ల నుంచి కూత వస్తుంది. ఎవరో ఒకరు నీ వైపు చూస్తారు. లేవొద్దు. మొదటి రెండు నెలలు కాళ్లు లాగుతాయి, నాకూ లాగాయి. మానెయ్యమని మాత్రం ఇప్పుడే చెప్పను. ఆరు నెలలు ఇలా చేసి, అప్పటికీ ఎండిపోయినట్టే ఉంటే ఒక ఏడాది ఆగు, ఆ మాట అయ్యగారికి నేనైనా రాస్తాను.

ఈ ఆదివారం తిరుగు పంటులో ఫోన్ జేబులో పెట్టి, అమ్మకు చెప్పడానికి ఒక్క మాట సిద్ధం చేసుకో. ఒక్కటి చాలు.

ప్రశ్న: అన్నయ్యా, మాది అమలాపురం పక్కన. మా ఆయన చర్చిలో సౌండ్ చూస్తారు, బాగా చేస్తారని పేరు రావడంతో బయట సభలకు కూడా పిలుస్తున్నారు. శనివారం ప్రాక్టీసు, ఆదివారం రోజంతా చర్చి, మధ్యలో సభలు. ఇంట్లో కుటుంబ ప్రార్థన జరిగి ఏడాది దాటింది. అడిగితే "దేవుని పనికి అడ్డు రాకు" అంటారు. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. నేను నిజంగా అడ్డు వస్తున్నానా?

జవాబు: చెల్లెమ్మా, నువ్వు అడ్డు రావడం లేదు. మీ ఆయన ఆ మాట అన్నందుకు నాకు బాధగా ఉంది, ఎందుకంటే అదే మాట నేనూ మా ఇంట్లో అన్నాను. తన ఇంటిని ఏలనేరనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడు అని పౌలు తిమోతికి రాశాడు. అది అధ్యక్షుల గురించి రాసిన మాటే, మైకు చూసేవాడికి అతికించవచ్చా అని ఆయన అడగవచ్చు. అతికించవచ్చు. సంఘంలో ఏ పని పట్టుకున్నవాడికైనా ఇల్లే మొదటి సంఘం.

అయితే ఈ మాట ఆదివారం రాత్రి ఎత్తకు. పన్నెండు గంటలు నిలబడి, ఎవరో ఒకరితో "సౌండ్ ఏం బాగోలేదు" అనిపించుకుని వచ్చిన మనిషికి ఇంట్లో ఇంకో ఫిర్యాదు వినపడితే తలుపు మూసుకుంటాడు. సోమవారం లేదా మంగళవారం, పిల్లలు పడుకున్నాక నెమ్మదిగా అడుగు. బయట సభలు నెలకు ఎన్ని ఒప్పుకోవాలో ఇద్దరూ కూర్చుని అంకె వేసుకోండి. క్యాలెండరు మీద రాయండి. అంకె నిండాక వచ్చిన పిలుపుకు "ఈ నెల కుదరదండి" అని చెప్పడం ఆయనకు కూడా తేలికవుతుంది, కాదనలేక వెళ్తున్నవి అందులో సగమైనా ఉంటాయని నా అనుభవం.

కుటుంబ ప్రార్థన ఆయన కోసం ఆపకు. ఈ రాత్రే మొదలుపెట్టు, అన్నాలయ్యాక పది నిమిషాలు. తొమ్మిదేళ్ల బిడ్డ ఒక చిన్న కీర్తన చదవాలి, ఆరేళ్ల బిడ్డ ఆ రోజు ఎవరి కోసం ప్రార్థన చెయ్యాలో చెప్పాలి. పాట నోటితో పాడండి. ఫోన్లో ట్రాకు పెట్టొద్దు, బ్లూటూత్ స్పీకరు వద్దే వద్దు, అది ఉంటే ఆయన చెయ్యి సౌండ్ సరిచెయ్యడానికి దాని మీదికే పోతుంది. ఆయన ఆలస్యంగా వచ్చిన రోజు గుమ్మంలో చెప్పులు విప్పుతూ పిల్లల పాట వింటాడు. నన్ను మార్చింది అదే. మా ఆవిడ ఆ రోజు ఒక్క మాట అనలేదు, చాప మీద కొంచెం పక్కకు జరిగింది, నేను వెళ్లి కూర్చున్నాను.

వీలైతే ఒక ఆదివారం నువ్వు ఆయన పక్కన ఆ బల్ల దగ్గర కూర్చుని చూడు. ఎన్ని వైపుల నుంచి ఎన్ని చూపులు ఆయన మీద పడతాయో తెలుస్తుంది. ఆ తర్వాత మీ ఇద్దరి మాటల్లో కొంత వేడి తగ్గుతుంది.

ప్రశ్న: నేను తణుకులో డిగ్రీ చదువుతున్నానండి. చర్చిలో పాటల చరణాలు స్క్రీన్ మీద వేస్తాను. ప్రార్థన జరుగుతున్నప్పుడు నేను కళ్లు మూసుకోలేను, ఆమేన్ అనేలోపు తర్వాతి పాట తీసి పెట్టుకోవాలి. కళ్లు తెరిచి, చెయ్యి మౌస్ మీద పెట్టి చేసే ప్రార్థన ప్రార్థనేనా?

జవాబు: ప్రార్థనేనమ్మా. నెహెమ్యా పారసీక రాజుకు ద్రాక్షరసం అందించే డ్యూటీలో ఉన్నాడు. రాజు "నీకేం కావాలి" అని అడిగాడు. రెండో అధ్యాయంలో ఉంది చూడు, ఆ ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలో పరలోకపు దేవునికి ప్రార్థన చేసి, వెంటనే రాజుకు జవాబిచ్చాడు. రాజు ముందు కళ్లు మూసుకుని నిలబడి ఉండడు. యోహాను సువార్తలో ప్రభువు ప్రార్థన చేసినప్పుడు కన్నులు పైకెత్తాడని ఒకటికి రెండుచోట్ల ఉంది. కళ్లు మూసుకోవడం మన మనసు చెదరకుండా మనం చేసుకున్న అలవాటు, మంచి అలవాటే.

కానీ నెహెమ్యా ఆ క్షణం ప్రార్థన వెనక మొదటి అధ్యాయం ఉంది. రోజుల తరబడి ఏడ్చి, ఉపవాసం ఉండి చేసిన ప్రార్థన అది. అక్కడ నిండింది కాబట్టే రాజు ముందు ఒక్క క్షణం సరిపోయింది. నువ్వూ ఇంటి దగ్గర తలుపు వేసుకుని కళ్లు మూసుకునే ప్రార్థన ఒకటి పెట్టుకుంటే ఆదివారం మౌస్ మీద చెయ్యి ఉన్నా ఇబ్బంది లేదు.

ఒక పని మాత్రం చెయ్యి. మీ చర్చి పాటలు చాలావరకు పాత అను ఫాంట్‌లో టైపు చేసినవై ఉంటాయి, ఇంకో లాప్‌టాప్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతలైపోతాయి, ఆదివారం పొద్దున్న ఆ టెన్షన్‌తోనే సగం ప్రాణం పోతుంది. వేసవి సెలవుల్లో కూర్చుని రోజుకు రెండు పాటల చొప్పున యూనికోడ్‌లోకి, అంటే ఏ లాప్‌టాప్‌లో తెరిచినా సరిగ్గా కనిపించే అక్షరాల్లోకి, మళ్లీ టైపు చేసెయ్. కాపీ పేస్టు చెయ్యకుండా చరణం చరణం చదువుకుంటూ టైపు చెయ్యి. వందసార్లు స్క్రీన్ మీద వేసిన పాటలో ఒక పాదం అర్థం నాకు ముప్పై ఐదేళ్లు దాటాక అలా టైపు చేస్తుంటేనే తెలిసింది.

ప్రశ్న: మండపేట దగ్గర చిన్న సంఘానికి కాపరినండి. అరవై కుటుంబాలు. మా మిక్సర్ గురించి తెలిసింది ఒకే ఒక్క అబ్బాయికి. ఈ మధ్య వాడి ముఖంలో సంతోషం లేదు, ప్రార్థనల్లో నోరు విప్పడం లేదు. సెలవు ఇద్దామంటే ఆ ఆదివారం ఎలా గడుస్తుందో తెలియదు. మీరైతే ఏం చేస్తారు?

జవాబు: అయ్యగారూ, వాడి ముఖం గమనించారు, అందుకే మీకు ముందుగా వందనాలు. మా రోజుల్లో మైకు పనిచేసినంతకాలం మమ్మల్ని ఎవరూ గమనించలేదు, ఆగితేనే అందరూ వెనక్కి తిరిగేవారు.

1 దినవృత్తాంతములు 9వ అధ్యాయం మీకు తెలిసిందే. దేవాలయ ద్వారపాలకుల్లో నలుగురు పెద్దలు అక్కడే ఉంటే, పల్లెల్లో ఉన్న వాళ్ల సహోదరులు వంతు ప్రకారం ఏడేసి రోజులకు వచ్చి వాళ్లతో కలిసేవారు. తలుపు తీసే పనికి, గిన్నెలు లెక్కపెట్టే పనికి కూడా వంతు ఉంది. 24వ అధ్యాయంలో యాజకులకు 24 వంతులు. సంఖ్యాకాండము 8లో దేవుని సేవకు ఏర్పడిన లేవీయుడు 25 ఏళ్లకు పనిలోకి వచ్చి 50 ఏళ్లకు బరువు దించుకోవాలి, ఆ తర్వాత తమ్ముళ్లకు తోడుగా ఉండాలి. అంత పెద్ద దేవాలయంలో ఏ పనీ ఒక్కడి మీద వేలాడలేదు. మన దగ్గర ఒక్కడి మీద వేసి, వాడు నమ్మకస్తుడు అని మెచ్చుకుంటున్నాం. వాడు మీకు మాత్రం చెప్పలేడండి, కాదంటే కృతజ్ఞత లేనివాడు అంటారని భయపడతాడు. సెలవు మాట మీ నోటి నుంచే రావాలి.

ఇంకో ఇద్దరికి నేర్పించండి, ఒకరు ఆడపిల్ల అయినా సరే. ఆదివారం నడపడానికి కావలసింది మూడు నెలల్లో వచ్చేస్తుంది. మిక్సర్ మీద ప్రతి చానెల్ కింద తెల్ల టేపు వేసి "అయ్యగారు", "కీబోర్డు", "తబలా" అని తెలుగులో రాయించండి. ఫేడర్లు మామూలుగా ఎక్కడ ఉంటాయో అక్కడ పెన్సిలు గీత గీయించండి. గోడ మీద ఒక కాగితం అంటించండి: ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, యాంప్లిఫయర్ ఆఖర్న, ఆపేటప్పుడు యాంప్లిఫయర్ ముందు. ఇది తప్పితే ఢబ్బుమని మోగి స్పీకర్లు దెబ్బతింటాయి, మిగతావి తప్పినా ప్రాణం పోదు.

ఐదు ఆదివారాలు వచ్చే నెలలు ఏడాదికి నాలుగైదు ఉంటాయి. ఆ ఐదో ఆదివారం లైవ్, స్క్రీన్, మైకు ఏవీ లేకుండా ఆరాధన పెట్టి చూడండి. అరవై కుటుంబాల గుడిలో మీ గొంతు చివరి వరసకు వెళ్తుంది, ముసలివాళ్లను ముందుకు జరిపితే చాలు. 1836లో మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ మన దేశానికి వచ్చి ఈ నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పని మొదలుపెట్టినప్పుడు ఏ మైకూ లేదు, ఊరూరా కాలినడకన, పడవల మీద తిరిగి చెప్పిన మాటే ఈ డెల్టాలో నాటుకుంది. ఆ ఆదివారం "మైకు పెట్టలేదేం" అని గొణిగేవాళ్లు ఉంటారు. ఏటా వేసవిలో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు కట్టేస్తారు కదా, లాకులు బాగుచెయ్యాలన్నా, పూడిక తియ్యాలన్నా, గుర్రపుడెక్క లాగాలన్నా కాలువ ఎండాల్సిందే. మన రైతులకు ఆ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు, అదే మాట వాళ్లతో అనండి.

ఈ ఏర్పాట్లన్నీ కుదరడానికి కొంతకాలం పడుతుంది, ఈలోపు మీ దగ్గర బల్లారాధన వస్తుంది. ఆ రోజు పళ్లెం పట్టుకెళ్లే పెద్దకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. వెనక బల్ల దగ్గరకు వెళ్లాక ముక్క చేతిలో పెట్టి వచ్చెయ్యకుండా, ఆ అబ్బాయి ఫేడర్ల మీద నుంచి చెయ్యి తీసి, తల వంచి, దాన్ని నోట్లో పెట్టుకునేదాకా అక్కడే నిలబడమనండి. మైకు గరగరలాడితే లాడనివ్వండి.